తీర ఇసుక నేలల కొబ్బరిలో ఆకు శిలీంధ్ర తెగుళ్ళు: మేలు చేసే సూక్ష్మజీవులతో యాజమాన్యం

ఉపోద్ఘాతం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న గ్రామం. దిన్నె అనగా ఎత్తైన మెట్ట. పేరుకు తగినట్లే ఇక్కడి తీరం ఇసుక దిబ్బలతో నిండి ఉంటుంది. ఈ తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ సాగిపోతుంది. కోనసీమలో వలె ఇక్కడ కొబ్బరి విస్తారమైన తోట పంట కాదు. ఇళ్ళ పెరళ్ళలో, దొరువుల గట్ల మీద, సరుగుడు తోటల అంచున పెరిగే చెట్లే ఎక్కువ. అయినను ఒక్కొక్క చెట్టు ఒక కుటుంబానికి ఏడాది పొడవునా ఎంతో కొంత రాబడిని, నీడను, కప్పుకు ఆకును ఇస్తుంది. పది చెట్లున్న రైతుకు రెండు చెట్లు దెబ్బ తినడం చిన్న నష్టం కాదు.

ఇట్టి నేలల్లో కొబ్బరి మట్టలు మచ్చలు పడి, చివరల నుండి ఎండిపోతున్నప్పుడు మేలు చేసే సూక్ష్మజీవులను వాడవలసినదిగా నేడు విస్తరణ సిబ్బంది సలహా ఇస్తున్నారు. సలహా మంచిదే. అయితే ట్రైకోడెర్మా పొట్లాన్ని చేతికిచ్చి పాదులో చల్లమని చెప్పడంతో పని ముగిసినట్లు భావించడం సరి కాదు. శిలీంధ్రనాశని ఒక రసాయనం. దానికి ఆకలి లేదు, దాహం లేదు. సూక్ష్మజీవి ప్రాణి. దానికి ఆహారం, తేమ, నీడ, కొంత కాలం కావలెను. ఈ నాలుగూ లేని ఉప్పు ఇసుకలో దానిని విడిచిపెట్టి ఫలితం రాలేదని అనుకుంటే తప్పు సూక్ష్మజీవిది కాదు. ఒకసారి విఫలమైన రైతు మరల జీవ నియంత్రణ మాట వినడు. అందుచేత ఏ తెగులుకు ఏ జీవిని, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు వాడవలెనో, దాని శక్తి ఎంతవరకో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోగ నిర్ధారణ: మొదటి మెట్టు

రోగ కారకాన్ని గుర్తించిన తరువాతనే చికిత్స అన్న నియమానికి తెలుగు నేలలోనే ఒక చారిత్రక ఉదాహరణ ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో గోదావరి డెల్టాలో తాటి చెట్లు, కొన్ని చోట్ల కొబ్బరి చెట్లు మొవ్వు కుళ్ళి చనిపోయినవి. ఇంపీరియల్ మైకాలజిస్టు ఇ. జె. బట్లర్ ఈ తెగులును పరిశీలించి, 1907లో దాని కారకానికి పిథియం పామివోరం అని పేరు పెట్టినాడు. 1919లో అదే ఫైటోఫ్తోరా పామివోరాగా మారినది. కారకం తెలిసిన మీదటనే తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్చే కార్యక్రమానికి అర్థం ఏర్పడినది.

నేటి తీర గ్రామంలో మట్ట ఎండిన ప్రతి చెట్టుకు శిలీంధ్రమే కారణం కాదు. ఈ క్రింది ఐదు స్థితులను వేరు చేసి చూడవలెను.

1. బూడిద ఆకుమచ్చ తెగులు. పెస్టలోషియాప్సిస్ పామారం అనే శిలీంధ్రం దీనికి కారకం. క్రింది వరుసల ముదురు మట్టల మీద మొదట చిన్న పసుపు మచ్చలు ఏర్పడతాయి. క్రమంగా మచ్చ మధ్యభాగం బూడిద తెలుపుగా మారి, చుట్టూ గోధుమ రంగు అంచు నిలుస్తుంది. మచ్చలు కలిసిపోయి ఆకు మాడినట్లు కనిపిస్తుంది. బూడిద భాగంలో సూది మొనంత నల్లని చుక్కలుంటాయి. అవే సిద్ధబీజాలు పుట్టే చోట్లు. ఈ శిలీంధ్రం బలహీనమైన రోగకారకం. గాయం ఉన్న ఆకును, పొటాష్ లోపంతో నీరసించిన చెట్టును ఎంచుకుంటుంది.

2. ఆకు ఎండు తెగులు. కారకం లాసియోడిప్లోడియా థియోబ్రోమే. ముదురు మట్టల ఆకులు కొన నుండి మొదటి వైపుకు ఎండుతూ వస్తాయి. ఎండిన భాగం అంచు వంకరటింకరగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తీవ్రమైనప్పుడు చెట్టు క్రింది భాగం నిప్పుతో కాల్చినట్లుంటుంది. ఇదే శిలీంధ్రం కాయ ముచ్చిక దగ్గర నుండి నల్లని కుళ్ళును కూడ కలిగిస్తుంది. వేసవిలో నీటి ఎద్దడికి గురైన చెట్లలో తెగులు ఉధృతమవుతుంది.

3. పొటాష్ లోపం. ముదురు ఆకుల మీద తుప్పు రంగు లేక నారింజ రంగు చిన్న చుక్కలు, ఆకు అంచులు కొనలు ఎండిపోవడం దీని లక్షణాలు. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఆ చుక్కలు పారదర్శకంగా కనిపిస్తాయి. బూడిద రంగు మధ్యభాగం గాని, నల్లని చుక్కలు గాని ఉండవు.

4. ఉప్పు గాలి దెబ్బ. సముద్రం వైపున్న మట్టలు మాత్రమే, లేత ముదురు భేదం లేకుండా, కొనలు మాడి ఉంటాయి. వెనుక వైపు మట్టలు పచ్చగా ఉంటాయి. తెగులైతే దిక్కును బట్టి గాక వయస్సును బట్టి మట్టలను పట్టుకుంటుంది.

5. నల్లని మసి. ఆకు పైభాగమంతా మసి పూసినట్లుండి, తడి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. ఇది ఆకు లోపలికి చొరబడిన రోగం కాదు. పై మట్టల అడుగున ఉన్న సర్పిలాకార వలయ తెల్లదోమ విసర్జించే తేనె వంటి ద్రవం మీద పెరిగే బూజు.

క్షేత్రంలో సందేహం తీరకపోతే ప్రయోగశాలలో నిర్ధారించవలెను. మచ్చకు, పచ్చని భాగానికి నడుమ ఉన్న అంచు నుండి చిన్న ముక్కలు తీసి, ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఒక నిమిషం ఉంచి, శుద్ధ జలంలో మూడుసార్లు కడిగి, బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగార్ మీద పెంచవలెను. పెస్టలోషియాప్సిస్ సిద్ధబీజం ఐదు గదులు కలది. నడిమి మూడు గదులు రంగు కలిగి, చివరి రెండు వర్ణరహితంగా ఉంటాయి. పై కొనన రెండు మూడు సన్నని తోకలు, అడుగున ఒక చిన్న తోక ఉంటాయి. లాసియోడిప్లోడియా వేగంగా పళ్ళెం అంతా వ్యాపించి, బూడిద నుండి నలుపుకు మారుతుంది. ముదిరిన సిద్ధబీజం రెండు గదులతో, ముదురు రంగులో, నిలువు చారలు కలిగి ఉంటుంది. ఒకసారి చూచిన విద్యార్థి ఈ రెండింటినీ మరల పొరబడడు.

మేలు చేసే జీవులు పనిచేసే తీరు

ట్రైకోడెర్మా ఇతర శిలీంధ్రాల మీద పరాన్నజీవిగా బ్రతుకుతుందని 1932లో వైండ్లింగ్ ప్రకటించినాడు. ఈ శిలీంధ్రపు తంతువులు రోగకారకపు తంతువులను చుట్టుకొని, కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములతో వాటి గోడలను కరిగిస్తాయి. విష పదార్థాలను విడుదల చేస్తాయి. చోటు, ఆహారం కోసం పోటీపడి ఎదుటి శిలీంధ్రాన్ని పస్తు పెడతాయి.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వేరు చుట్టూ నివసించే బాక్టీరియా. ఇది సిడెరోఫోర్లు అనే పదార్థాలతో నేలలోని ఇనుమును బంధించి, రోగకారకాలకు అందకుండా చేస్తుంది. కొన్ని రకాలు శిలీంధ్రాలను అణచే రసాయనాలను కూడ తయారుచేస్తాయి. బాసిల్లస్ సబ్టిలిస్ ఇటూరిన్, సర్ఫాక్టిన్, ఫెంజిసిన్ వంటి పదార్థాలను విడుదల చేస్తుంది. దీని ప్రత్యేకత లోసిద్ధబీజం. ఎండను, ఎద్దడిని, ఉప్పును తట్టుకొని ఆ బీజం నిద్రాణంగా ఉండగలదు. తీర ఇసుక నేలలకు ఈ గుణం ఎంతో విలువైనది.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న తలెత్తుతుంది. పై జీవులు నేలలో, వేరు దగ్గర ఉంటాయి. తెగులు పది పన్నెండు మీటర్ల ఎత్తున ఆకు మీద ఉన్నది. ఈ దూరం ఎట్లు తీరుతుంది? దీనికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది ప్రేరిత నిరోధక శక్తి. మేలు చేసే జీవులు వేరును ఆవరించినప్పుడు మొక్క వాటిని గుర్తించి, తన రక్షణ వ్యవస్థనంతటినీ అప్రమత్తం చేసుకుంటుంది. ఆ తరువాత ఆకు మీద శిలీంధ్రం వాలితే మొక్క త్వరగా ఎదుర్కొంటుంది. ఇది అనేక పంటల్లో నిరూపితమైన విషయం. కాని ఇది తెగులును నెమ్మదింపజేసే శక్తియే గాని, ఏర్పడిన మచ్చను మాన్పే శక్తి కాదు.

రెండవది చెట్టు బలం. వేరు ఆరోగ్యంగా ఉంటే నీరు, పొటాష్ బాగుగా అందుతాయి. పెస్టలోషియాప్సిస్ వంటి బలహీన రోగకారకాల విషయంలో ఇదే సగం చికిత్స.

మూడవది జీవిని నేరుగా తెగులు చోటుకు చేర్చడం. కేరళలో వేరు విల్ట్ సోకిన చెట్లలో వచ్చే ఆకు కుళ్ళు ఇందుకు మంచి ఉదాహరణ. కొల్లెటోట్రైకం, ఎక్సెరోహైలం మొదలైన శిలీంధ్రాలు విచ్చుకొనని మొవ్వు ఆకును కుళ్ళజేస్తాయి. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ సూడోమోనాస్ లేక బాసిల్లస్ టాల్క్ పొడిని 50 గ్రాములు 500 మిల్లీలీటర్ల నీటిలో కలిపి మొవ్వు మొదట పోయవలసినదిగా సిఫారసు చేసినది. మొవ్వు మొదలు తేమగా, నీడగా, గాలి తగలకుండా ఉండే చోటు. అక్కడ జీవి బ్రతుకుతుంది. అదే సంస్థ మొవ్వుకుళ్ళు నివారణకు ట్రైకోడెర్మాను కొబ్బరి పొట్టు బిళ్ళలలో పెంచి, లేత మట్టల మొదళ్ళలో పెట్టే పద్ధతిని రూపొందించినది. ఈ రెండింటిలోను జీవితో పాటు దాని నివాసాన్ని కూడ ఎంచుకోవడం గమనించదగినది. విచ్చుకున్న ముదురు ఆకు మీద, మే నెల ఎండలో, ఉప్పు గాలిలో ట్రైకోడెర్మా చల్లితే దానికి నివాసం లేదు.

బ్రెజిల్ ఈశాన్య తీరంలో మరొక విధమైన అనుభవం ఉన్నది. అక్కడ కొబ్బరి ఆకు మీద లిషా అనే గరుకు మచ్చల తెగులు వస్తుంది. ఆ గాయాల నుండి లాసియోడిప్లోడియా లోపలికి ప్రవేశిస్తుంది. లిషా కారకం మీద సహజంగా పెరిగే అక్రిమోనియం వంటి పరాన్నజీవి శిలీంధ్రాలను అక్కడి శాస్త్రవేత్తలు గుర్తించి, వాటిని జీవ నియంత్రణకు వినియోగించే కృషి చేసినారు. ఆకు మీద పనిచేయవలసిన జీవిని ఆకు మీదనే వెదకవలెనన్నది దీని సారాంశం.

జువ్వలదిన్నె వంటి నేలల్లో ఎదురయ్యే అడ్డంకులు

తీరపు ఇసుకలో సేంద్రియ పదార్థం బహు తక్కువ. నీరు నిలవదు. వేసిన పొటాష్ వానకు క్రిందికి జారిపోతుంది. సోడియం అధికంగా ఉన్న చోట చెట్టు పొటాష్‌ను గ్రహించడం మరింత కష్టమవుతుంది. వేసవిలో పై పొర ఇసుక కాలు పెట్టలేనంతగా వేడెక్కుతుంది. అందులో చల్లిన ట్రైకోడెర్మా బీజాలు మొలకెత్తినా నిలవలేవు.

నీటి విషయంలో దొరువుల ప్రస్తావన అవసరం. తీర ఇసుకలో వాన నీరు తేలికగా ఉండి ఉప్పు నీటిపై పొరగా నిలుస్తుంది. రైతులు లోతు తక్కువ గుంతలు త్రవ్వి ఆ పై నీటిని మాత్రమే తోడుకొనే సంప్రదాయమే దొరువు. బాపట్లలోని ఉప్పు నీటి పరిశోధనా కేంద్రం ఈ సంప్రదాయాన్ని మెరుగుపరచి, నేల అడుగున రంధ్రాల గొట్టాలు పరచి తీపి నీటిని సేకరించే పద్ధతిని రూపొందించినది. లోతైన బోరుతో అడుగు నీటిని లాగితే ఉప్పు పైకి వస్తుంది. కొబ్బరి ఉప్పును కొంతవరకు తట్టుకుంటుంది. పాదులో వేసిన సూక్ష్మజీవులన్నీ అంతగా తట్టుకోలేవు. కావున జీవ ఎరువు వేయదలచిన చెట్టుకు పెట్టే నీటి విద్యుద్వాహకతను ముందుగా పరీక్షించవలెను.

వర్షపాతం కూడ ఇక్కడ భిన్నం. నెల్లూరు తీరానికి ప్రధాన వర్షం అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలది. గోదావరి జిల్లాలకు తయారుచేసిన జూన్, జూలై కార్యక్రమాన్ని యథాతథంగా ఇక్కడ అనుసరిస్తే జీవులను ఎండిన ఇసుకలో వేసినట్లవుతుంది.

యాజమాన్య పద్ధతులు

పారిశుద్ధ్యం: మూడు వంతులకు పైగా ఎండిన క్రింది మట్టలను మాత్రమే కోసి తోట బయట కాల్చవలెను. మచ్చ కనిపించిన ప్రతి మట్టను నరికించడం తరచుగా జరిగే పొరపాటు. కొబ్బరి చెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది. ప్రతి మట్ట మొదట ఒక గెల పుడుతుంది. పచ్చదనం మిగిలిన మట్టను తీసివేస్తే ఆ గెలకు ఆహారం తగ్గి, ఆధారం కూడ పోతుంది. తెగులు చేసిన నష్టం కన్న కత్తి చేసిన నష్టం ఎక్కువ కాగలదు. మచ్చలు లేని ఎండు మట్టలను పాదులో కప్పుగా వాడుకోవచ్చును.

పోషణ: కాపు కాసే చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ సాధారణ సిఫారసు. అనగా సుమారు 1.1 కిలోల యూరియా, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇసుక నేలలో వీటిని రెండు దఫాలకు బదులు మూడు నాలుగు దఫాలుగా వేయడం మేలు. మ్యూరేట్‌లోని క్లోరైడును చూచి సందేహించనక్కరలేదు. క్లోరిన్ కొబ్బరికి అవసరమైన పోషకమే. రసాయన ఎరువులను, జీవ మిశ్రమాన్ని ఒకే రోజున కలిపి వేయరాదు. రెండింటికి నడుమ కనీసం పదిహేను రోజుల వ్యవధి ఇవ్వవలెను.

జీవుల వృద్ధి: బాగుగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు కలిపి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని చల్లి, చేతితో పిడికిలి పట్టితే ముద్ద కట్టునంత తేమ వచ్చేలా నీరు చిలకరించవలెను. నీడలో కుప్ప చేసి, తడి గోనెలు కప్పి, నడుమ ఒకసారి తిరగవేస్తూ 7 నుండి 10 రోజులు ఉంచవలెను. కుప్ప మీద తెల్లని, తరువాత పచ్చని బూజు వ్యాపించినప్పుడు జీవి వృద్ధి చెందినట్లు. పచ్చి పేడ, మాగని ఎరువు వాడరాదు. వాటి వేడికి జీవి చనిపోతుంది, పైగా కొమ్ము పురుగు వృద్ధి చెందుతుంది. ఇసుక నేలలో ఈ వృద్ధి దశను దాటవేయరాదు. పొట్లంలోని జీవి నిద్రలో ఉంటుంది. కుప్పలో అది మేలుకొని, తన ఆహారంతో సహా పాదుకు చేరుతుంది.

పాదులో వేయడం: ఆకు ఎండు తెగులుకు, బూడిద ఆకుమచ్చకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రతి చెట్టుకు ఏడాదికి 200 గ్రాముల సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌ను 50 కిలోల పశువుల ఎరువు, 5 కిలోల వేపపిండితో కలిపి వేయవలసినదిగా సూచించినది. మన రాష్ట్రంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం గానోడెర్మా తెగులు విషయంలో ట్రైకోడెర్మాను వేపపిండితో కలిపి పాదులో వేసే పద్ధతిని చాలాకాలంగా ప్రచారం చేస్తున్నది. అది వేరు తెగులుకు ఉద్దేశించిన సిఫారసు. ఆకు తెగులుకు దానిని అన్వయించేటప్పుడు వేరు బలపడడం ద్వారా కలిగే పరోక్ష ప్రయోజనాన్ని మాత్రమే ఆశించవలెను. ఈ తేడాను రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

చెట్టు మొదలు నుండి ఒక మీటరు దూరం విడిచి, 1.5 నుండి 2 మీటర్ల వ్యాసార్థం వరకు ఉన్న భాగంలో పై ఇసుకను 15 సెంటీమీటర్లు తీసి, మిశ్రమాన్ని సమంగా పరచి, ఇసుకతో కప్పి, వెంటనే నీరు పెట్టవలెను.

తేమ నిల్వ: మిశ్రమం మీద కొబ్బరి పొట్టు గాని, మట్టలు గాని కప్పుగా వేయవలెను. కొబ్బరి పొట్టు తన బరువుకు ఐదు రెట్లకు పైగా నీటిని పట్టి ఉంచుతుంది. అయితే పచ్చి పొట్టులో కర్బన నత్రజని నిష్పత్తి 100:1 కన్న అధికం. దానిని ప్లూరోటస్ పుట్టగొడుగు విత్తనం, యూరియాతో మాగబెట్టి సుమారు 25:1కి తెచ్చిన తరువాత వేళ్ళ దగ్గర వేయవలెను. తొలకరి జల్లులకు పాదులో జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నడం మరొక సులభ మార్గం.

కాల పట్టిక: సెప్టెంబరు మొదటి వారంలో పారిశుద్ధ్యం, మొదటి దఫా ఎరువులు. సెప్టెంబరు మూడవ వారంలో జీవ మిశ్రమాన్ని కుప్ప వేయుట. సెప్టెంబరు చివర, భారీ వర్షాలకు ముందుగా పాదులో వేయుట. నవంబరులో తుపాను వర్షాలు కురిసేటప్పుడు వేస్తే ఇసుక నుండి కొట్టుకొని పోతుంది. జనవరిలో నేలలో తేమ ఇంకా ఉండగా సూడోమోనాస్ లేక బాసిల్లస్‌ను మరల ఒకసారి ఇవ్వవచ్చును. ఏప్రిల్ నుండి జూన్ వరకు కప్పు, నీటి తడులు కాపాడుకోవడమే పని. కొత్త జీవులను ఈ కాలంలో వేయరాదు.

రసాయనాల స్థానం: తెగులు తీవ్రంగా ఉన్న చెట్టుకు ఒక శాతం బోర్డో మిశ్రమం లేక 0.25 శాతం కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను వేసవిలో 45 రోజుల వ్యవధిలో రెండుసార్లు పిచికారి చేయవచ్చును. వేరు ద్వారా హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఇచ్చే పద్ధతి చివరి ఉపాయం. అట్లు ఇచ్చిన చెట్టు కాయలను 45 రోజుల వరకు కోయరాదు. రాగి మందులు, హెక్సాకొనజోల్ వంటివి మేలు చేసే జీవులను కూడ చంపుతాయి. కావున జీవులను వేయుటకు ముందు, తరువాత పదిహేను రోజులు రసాయనాలను పాదులో పడనీయరాదు.

మసి బూజు విషయంలో ప్రత్యేక సూచన

సర్పిలాకార వలయ తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మన దేశంలో మొదటిసారిగా గుర్తింపబడి, ఆ తరువాత గోదావరి జిల్లాలకు, ఇతర తీర ప్రాంతాలకు వ్యాపించినది. మసి కమ్మిన ఆకును చూచి శిలీంధ్రనాశని కొట్టించడం రెండు విధాల నష్టం. దోమ చావదు, దోమను చంపే మేలైన శిలీంధ్రం చస్తుంది. ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం తెల్లదోమకు రోగం కలిగిస్తుంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ గుర్తించిన పి.ఎఫ్.యు. 5 అనే రకాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, సాయంకాలం, ఆకు అడుగు తడిసేలా 15 రోజుల వ్యవధిలో రెండు మూడుసార్లు పిచికారి చేయవలెను. ఎన్‌కార్సియా గ్వాడిలూపే అనే పరాన్నజీవి కందిరీగ తోటలో ఉన్నచో పురుగు మందులు వాడరాదు. దోమ తగ్గితే మసి తనంతట తాను ఎండి రాలిపోతుంది. ఇక్కడ ఒక శిలీంధ్రం రూపంలో కనిపించిన సమస్యకు మరొక శిలీంధ్రమే పరిష్కారం. కాని గురి బూజు మీద కాదు, దోమ మీద.

పొట్లం నాణ్యత

సూక్ష్మజీవి మందులు 1968 నాటి పురుగు మందుల చట్టం పరిధిలోనివి. నమోదు సంఖ్య లేని పొట్లాన్ని కొనరాదు. ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 2 మిలియన్ల సజీవ కణాలు, సూడోమోనాస్ పొడిలో గ్రాముకు కనీసం 100 మిలియన్ల సజీవ కణాలు ఉండవలెను. ఎండలో, పురుగు మందుల పెట్టెల నడుమ నిలువ ఉంచిన పొట్లంలో ఈ సంఖ్య మిగలదు. విద్యార్థులు ఏటా గ్రామ దుకాణాల నుండి నమూనాలు తెచ్చి, క్రమ విలీన పద్ధతిలో లెక్కించడం మంచి అభ్యాసం. సూడోమోనాస్‌ను కింగ్స్ బి మాధ్యమంలో పెంచి అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపు పచ్చని మెరుపు కనిపిస్తుంది.

విద్యార్థులకు: ప్రయోగ రచన

పళ్ళెంలో ఎదురెదురుగా పెంచి చూచే పరీక్షలో నిరోధక శాతాన్ని ఈ విధంగా లెక్కిస్తారు. ఒంటరిగా పెరిగిన రోగకారకపు వ్యాసార్థం నుండి మేలు చేసే జీవి ఎదుట పెరిగిన వ్యాసార్థాన్ని తీసివేసి, మొదటి దానితో భాగించి, 100తో హెచ్చించవలెను. అయితే పళ్ళెంలో గెలిచిన జీవి పాదులో గెలుస్తుందని హామీ లేదు. పళ్ళెంలో ఆహారం సమృద్ధి, ఉప్పు లేదు, ఎండ లేదు. తీర ప్రాంతానికి జీవిని ఎంపిక చేసేటప్పుడు మాధ్యమంలో సోడియం క్లోరైడ్‌ను క్రమంగా పెంచుతూ, 40 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిలో కూడ పరీక్షించవలెను. ఈ తీరపు ఆరోగ్యవంతమైన చెట్ల వేళ్ళ నుండి వేరుచేసిన స్థానిక రకాలను ఈ పరీక్షలో తప్పక చేర్చవలెను.

క్షేత్ర ప్రయోగంలో తరచుగా జరిగే లోపం సరైన పోలిక లేకపోవడం. ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా కలిపి వేసిన చెట్లను ఏమీ వేయని చెట్లతో పోల్చితే, వచ్చిన మేలు ఎరువుదో జీవిదో తెలియదు. కనుక ఈ చర్యలు కనీసం ఉండవలెను: ఏమీ వేయనివి, ఎరువు, వేపపిండి మాత్రమే, వాటితో పాటు ట్రైకోడెర్మా, వాటితో పాటు సూడోమోనాస్, వాటితో పాటు రెండూ, రాగి మందు పిచికారి. సముద్రానికి గల దూరాన్ని బట్టి చెట్లను వర్గాలుగా విభజించి, ప్రతి వర్గంలో అన్ని చర్యలు వచ్చేలా యాదృచ్ఛిక ఖండ పద్ధతిని అనుసరించవలెను.

తెగులు తీవ్రతను 0 నుండి 5 వరకు గ్రేడులుగా నమోదు చేయవలెను. ఉదాహరణకు పది మట్టలలో మూడింటికి 0, మూడింటికి 1, రెండింటికి 2, ఒకదానికి 3, ఒకదానికి 4 వచ్చినవనుకొందము. మొత్తం 14. గరిష్ఠంగా 10 ను 5తో హెచ్చించగా 50. తీవ్రతా సూచి 28 శాతం. అప్పటికే ఎండిన మట్టలను గాక, ప్రయోగం మొదలైన తరువాత విచ్చుకున్న మట్టలకు గుర్తులు కట్టి వాటినే పరిశీలించవలెను. ఎందుకనగా జీవుల ప్రభావం కొత్త మట్టలలోనే తెలుస్తుంది. దానితో పాటు పాదులోని సజీవ కణాల సంఖ్యను 0, 30, 60, 90 రోజులకు లెక్కించవలెను. తెగులు తగ్గకపోతే జీవి బ్రతికి ఉండీ పనిచేయలేదా, అసలు బ్రతకనే లేదా అన్న ప్రశ్నకు ఈ లెక్క ఒక్కటే సమాధానం ఇస్తుంది.

దిగుబడి విషయంలో తొందర పనికిరాదు. కొబ్బరిలో పూగుత్తి అంకురం ఏర్పడిన నాటి నుండి కాయ ముదిరే వరకు సుమారు 44 నెలలు పడుతుంది. ఒక సంవత్సరపు ప్రయోగంతో దిగుబడి పెరిగినదని గాని, పెరగలేదని గాని తీర్మానించరాదు.

ముగింపు

తీర ఇసుక నేలల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కొబ్బరి ఆకు తెగుళ్ళను అదుపులో ఉంచుటకు తోడ్పడగలవు. అయితే అవి ఒంటరిగా కాక, సరైన నిర్ధారణ, పొటాష్, సేంద్రియ పదార్థం, తీపి నీరు, కప్పు అనే ఐదింటి తోడుతో పనిచేస్తాయి. విస్తరణ శాస్త్రవేత్త రైతుతో మూడు మాటలు స్పష్టంగా చెప్పవలెను. ఇప్పుడు ఎండిన మట్ట మరల పచ్చబడదు. మార్పు రాబోయే మట్టలలో, ఏడాది దాటిన తరువాత కనిపిస్తుంది. వేసిన జీవిని పశువును సాకినట్లు మేత, నీరు, నీడ ఇచ్చి సాకవలెను. ఈ మూడు మాటలు ముందుగా విన్న రైతు ఫలితం కోసం ఓపికతో వేచి ఉంటాడు. విననివాడు మూడవ నెలలోనే మట్టలన్నీ నరికిస్తాడు.